వెలుగునీడల లెక్క: కెమేరా హెచ్.డి.ఆర్. పై ఒక విమర్శ

ఛాయాచిత్రణము పుట్టిననాటి నుండి దానిని వెన్నాడుచున్న చిక్కు ఒకటి కలదు. మధ్యాహ్నపు వేళ తరగతి గదిలో నిలిచి కిటికీవైపు చూచినచో మన కంటికి బయటి వేపచెట్టును కనబడును, గది మూలనున్న బల్లయును కనబడును. కెమేరా అట్లు చూడజాలదు. చెట్టు సరిగా పడునట్లు తీసినచో బల్ల నల్లని ముద్ద అగును. బల్ల కనబడునట్లు తీసినచో కిటికీ తెల్లని మచ్చ అగును. నడిఎండలో వెలుగు సుమారు లక్ష లక్సులు ఉండగా, గది మూలలో అది వంద లక్సులు మాత్రమే ఉండవచ్చును. అనగా వేయి రెట్ల తేడా అన్నమాట.

ఈ చిక్కును విడదీయుటకు నేడు రెండు దారులున్నవి. మొదటిది కెమేరాలోనే, ఫోనులోనే అమర్చిన హెచ్.డి.ఆర్. పద్ధతి. 'హై డైనమిక్ రేంజ్' అను మాటకు ఇది పొట్టి పేరు. విస్తృతమైన కాంతివ్యాప్తి అని దాని అర్థము. మీట ఒక్కసారి నొక్కినచో యంత్రమే కొన్ని చిత్రములు తీసి, కలిపి, ఒక్కటిగా చేసి ఇచ్చును. రెండవది ఎక్స్‌పోజరు బ్రాకెటింగ్. ఇందు మనమే కెమేరాను కదలకుండ నిలిపి, ఒకే దృశ్యమును తక్కువ, మధ్యమ, ఎక్కువ ఎక్స్‌పోజరులతో వరుసగా తీసి, తరువాత కంప్యూటరుపై కూర్చుకొందుము.

"ఫోనే అంతయు చేయుచుండగా ఈ శ్రమ యెందుకు?" అని విద్యార్థులు అడుగుదురు. "చేతితో కూర్చినదే చిత్రము, ఫోను చేసినది గారడి" అని అనుభవజ్ఞులైన ఛాయాచిత్రకారులు కొందరందురు. రెండు మాటలును సగము సగము నిజములే. నేడు పాఠశాలలలో ఫోటో కేవలము వేడుక వస్తువు కాదు. ప్రయోగశాల రికార్డులో అతికించుచున్నాము. ఊరి గుడిలోని శాసనమును, మాసిపోవుచున్న చిత్రములను ఫోటోలుగా భద్రపరచుచున్నాము. అట్టి ఫోటో సాక్ష్యము. సాక్షి చెప్పినది ఎంతవరకు నమ్మవచ్చునో తెలియవలెనన్నచో ఈ రెండు పద్ధతుల లోగుట్టు తెలిసికొనక తప్పదు.

ముంతలు, వానచినుకులు

కెమేరాలోని సెన్సరును వానలో వరుసగా పేర్చిన ముంతలతో పోల్చవచ్చును. వానచినుకులు ఫోటానులు. షట్టరు తెరచియున్నంతసేపు ముంతలు నిండుచుండును. నిజమునకు ఫోటాను తగిలినపుడు సెన్సరులో ఎలక్ట్రాను విడుదలై, ఆ బిందువు వద్ద నిలువయగును. ముంత నిండి పొర్లినచో ఎంత పొర్లినదో తెలియదు. అది తెల్లని మచ్చ. ముంత అడుగున రెండు మూడు చినుకులే పడినచో అది వానచుక్కయో ముంతలోని చెమ్మయో తేల్చుట కష్టము. అది నలుపులో కలసిన రొద.

ఒక సెన్సరు ముంతలో 40,000 ఎలక్ట్రానులు పట్టుననియు, అంకెను చదువునపుడు కలుగు రొద 4 ఎలక్ట్రానులనియు అనుకొందము. రెంటి నిష్పత్తి 10,000. కాంతి రెట్టింపు అగుటను ఛాయాచిత్రకారులు ఒక 'స్టాపు' అందురు. మనము ఒక మెట్టు అనెదము. రెండును 13 సార్లు హెచ్చించినచో 8,192 వచ్చును గనుక ఈ సెన్సరు వ్యాప్తి 13 మెట్లకు కొంచెము పైన. ప్రకటనలలో కనబడు సంఖ్య సాధారణముగా ఇట్టిదే.

కాని ఈ సంఖ్యను ఉన్నదున్నట్లు నమ్మరాదు. ఫోటానులు వానచినుకులవలెనే క్రమము లేక పడును. N ఫోటానులు లెక్కించినపుడు సహజముగా వచ్చు హెచ్చుతగ్గు N యొక్క వర్గమూలమంత ఉండును. చిత్రము శుభ్రముగా కనబడుటకు సంకేతము రొదకు 10 రెట్లయినను ఉండవలెనన్నచో, మన ముంతలో కనీసము 115 ఎలక్ట్రానులు పడవలెను. అప్పుడు పనికివచ్చు వ్యాప్తి 40,000ను 115తో భాగింపగా వచ్చు 348 మాత్రమే. అనగా ఎనిమిదిన్నర మెట్లు. తరగతి గది, కిటికీల మధ్యనున్న వేయి రెట్ల తేడా పది మెట్లు. చిక్కు ఎచ్చట వచ్చుచున్నదో ఇపుడు స్పష్టము.

పాతకాలపు ఉపాయములు

ఇది కొత్త సమస్య కాదు. 1850 తరువాతి దశకములో వాడిన కొలోడియన్ పలకలు నీలికాంతికి మితిమీరి స్పందించెడివి. అందుచే ఆకాశము ఎప్పుడును తెల్లబడిపోయెడిది. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ ల గ్రే 1856-57 ప్రాంతమున సముద్రమునకు ఒక నెగటివును, ఆకాశమునకు మరియొక నెగటివును తీసి, దిగంతరేఖ వద్ద కలిపి ఒకే చిత్రముగా అచ్చువేసెను. ఆ చిత్రములు చూచి జనులు అబ్బురపడిరి. అయితే ఆయన ఒకే మేఘముల నెగటివును ఒకటికి మించిన సముద్ర చిత్రములలో వాడినాడు! చేతితో కూర్చినంత మాత్రమున చిత్రము సత్యమగునని చెప్పు వారు ఈ సంగతి మరువరాదు.

తరువాత అమెరికాలో చార్లెస్ వైకాఫ్ అణుబాంబు పేలుళ్లను చిత్రించుటకు మూడు పొరల ఫిల్ము తయారుచేసెను. ఒక్కొక్క పొర ఒక్కొక్క స్థాయి కాంతికి స్పందించును. కళ్లు మిరుమిట్లు గొలుపు నిప్పుబంతియు, దాని చుట్టునున్న మసక భాగములును ఒకే ఫిల్ముపై నిలిచినవి. ఇది ఫిల్ములోనే ఇమిడిన బ్రాకెటింగ్ అనవచ్చును.

అంకెల కెమేరాలు వచ్చిన పిదప 1995లో స్టీవ్ మాన్, రోసలిండ్ పికార్డ్ అనువారు వేర్వేరు ఎక్స్‌పోజరుల చిత్రములను గణితముతో కలుపు పద్ధతిని ప్రకటించిరి. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ దానిని ఇంకను సాధించిరి. వారి తర్కము సరళమైనది. సెన్సరుపై పడు మొత్తము, దృశ్యపు కాంతిని ఎక్స్‌పోజరు కాలముతో హెచ్చింపగా వచ్చునదియే. దృశ్యము మారలేదు, కాలము ఎంత మార్చితిమో మనకు తెలియును. కావున ఒకే బిందువు వేర్వేరు కాలములలో ఏ అంకెలు చూపెనో పోల్చినచో, కాంతిని కెమేరా అంకెగా మార్చు తీరు బయటపడును. ఆ తీరు తెలిసిన పిమ్మట ప్రతి బిందువునందలి కాంతిని వెనుకకు లెక్కకట్టవచ్చును. ఇట్లు వచ్చినది బొమ్మ మాత్రమే కాదు, కాంతి కొలతల పట్టిక.

యంత్రము చేయు పని

2009లో పెంటాక్స్ కె-7 కెమేరా మూడు చిత్రములను తనలో తానే కలుపు సదుపాయముతో వచ్చినది. 2010లో ఆపిల్ ఐఫోనులో ఈ పద్ధతి ప్రవేశించినది. ఆనాడు కలిపిన చిత్రముతోపాటు మామూలు చిత్రమును కూడ దాచుకొను వీలుండెడిది. ఇట్టివి నిజముగా బ్రాకెటింగునే యంత్రముచే చేయించుట.

గూగుల్ వారు 2013లో నెక్సస్ 5 ఫోనుతో తెచ్చిన 'హెచ్.డి.ఆర్.+' వేరు దారి తొక్కినది. అది హెచ్చుతగ్గు ఎక్స్‌పోజరులు తీయదు. వెలుగు భాగము పొర్లకుండ, అన్నియు తక్కువ ఎక్స్‌పోజరుతోనే కొన్ని చిత్రములను గబగబ తీసి, చేతి వణుకు వలన కలుగు జరుగుబాటును సరిచేసి, వానిని సగటు చేయును. సగటువలన రొద తగ్గి నీడలు తేలును. చేతిలో ఫోను, కదలు మనుషులు, ఊగు కొమ్మలు ఉన్నచోట ఈ ఆలోచన మెచ్చదగినది.

అయినను వెల చెల్లింపక ఏదియు రాదు. మన ముంతల లెక్కనే చూడుడు. నీడలోని ఒక బిందువులో పొట్టి ఎక్స్‌పోజరులో 10 ఎలక్ట్రానులు పడినవనుకొందము.

ఒక్క చిత్రములో సంకేతము 10. రొద 10 ప్లస్ 16, అనగా 26 యొక్క వర్గమూలము, సుమారు 5. నిష్పత్తి 2.

అట్టి చిత్రములు 16 కలిపినచో సంకేతము 160. కాని చదువునపుడు కలుగు రొద పదునారుసార్లు చేరును. మొత్తము రొద 160 ప్లస్ 256 యొక్క వర్గమూలము, సుమారు 20. నిష్పత్తి 8.

పదునారు రెట్లు దీర్ఘమైన ఒకే ఎక్స్‌పోజరు తీసినచో సంకేతము అదే 160. చదువునది ఒక్కసారియే గనుక రొద 160 ప్లస్ 16 యొక్క వర్గమూలము, సుమారు 13. నిష్పత్తి 12.

అనగా గుంపుగా తీసిన పొట్టి చిత్రములు నీడను నాలుగు రెట్లు శుభ్రపరచినవి. ఒక దీర్ఘ చిత్రము ఆరు రెట్లు శుభ్రపరచినది. ఈ సంగతి యంత్రము కట్టిన వారికి తెలియనిది కాదు. తరువాత గూగుల్ వారే పొట్టి చిత్రముల గుంపునకు ఒక దీర్ఘ ఎక్స్‌పోజరును జోడించిరి. బ్రాకెటింగ్ పాతబడినదని తొందరపడి తీర్పు చెప్పువారికి ఇంతకంటె సమాధానము వేరొకటి అక్కరలేదు.

పేరులోని పేచీ

ఇపుడు అసలు ఆక్షేపణకు వత్తము. మనము చేతికందుకొను 'హెచ్.డి.ఆర్. చిత్రము'లో విస్తృత వ్యాప్తి లేదు. మంచి నిగారింపు గల ఫోటో కాగితముపై తెలుపునకు నలుపునకు తేడా సుమారు నూరు రెట్లు మాత్రమే. వేయి రెట్ల దృశ్యమును అందులో ఇముడ్చుటకు నీడలను పైకెత్తి, వెలుగులను క్రిందికి దింపవలెను. దీనిని టోన్ మ్యాపింగ్ అందురు. అనగా చివరి చిత్రము విస్తరించినది కాదు, అణచి మడచినది.

మడచుట తప్పు కాదు. మన కన్నును ఒకవిధముగా ఆ పనియే చేయుచున్నది. కాని మడత ఒకేతీరుగా ఉండదు. యంత్రము చిత్రములోని ఒక్కొక్క తావును ఒక్కొక్క విధముగా సవరించును. కిటికీ ప్రక్క గోడకు ఒక లెక్క, మూలనున్న బల్లకు వేరొక లెక్క. ఆ లెక్క ఏమిటో మనకు చెప్పదు. మూల చిత్రములను చాలమారు దాచదు. కొన్ని కొత్త ఫోనులలో ఈ పద్ధతిని మామూలు కెమేరాలో పూర్తిగా ఆపుటకు మీట కూడ లేదు. చూచుటకు తీసిన ఫోటోకు ఇది లోపము కాదు. కొలుచుటకు తీసిన ఫోటోకు ఇది ప్రాణాంతకము.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ మాటను ఎవరును నమ్మిక మీద గ్రహింపనక్కరలేదు. పదవ తరగతి పిల్లలు చేయగల ప్రయోగము ఇదిగో.

చీకటి గదిలో, గోడలనుండి వెలుగు తిరిగి రాకుండ వెనుక నల్లని గుడ్డ వ్రేలాడదీసి, ఒక చిన్న విద్యుద్దీపము వెలిగింపుడు. ఒక తెల్ల కాగితమును దీపమునకు 50 సెంటీమీటర్ల దూరమునను, అట్టిదే మరియొకటి 100 సెంటీమీటర్ల దూరమునను, రెండును దీపమునకు ఎదురుగా నుండునట్లు నిలుపుడు. విలోమ వర్గ నియమము ప్రకారము రెండవ కాగితముపై కాంతి మొదటిదానిలో నాలుగవ వంతు ఉండవలెను. రెండు కాగితములును ఒకే ఫ్రేములో పడునట్లు ఫోనును కదలని ఆధారముపై అమర్చుడు.

మొదట హెచ్.డి.ఆర్. తో ఒక చిత్రము తీయుడు. కంప్యూటరులో బొమ్మలు వేయు ప్రోగ్రాముతో తెరచి, 'కలర్ పికర్'తో రెండు కాగితముల అంకెలు చదువుడు. ఈ అంకెలు 0 నుండి 255 వరకు ఉండును. వాని నిష్పత్తి నాలుగు రాదు. మామూలు చిత్రములోనైనను రాదు. ఏలననగా జేపెగ్ చిత్రములో కాంతి నాలుగు రెట్లు పెరిగినపుడు అంకె సుమారు 1.9 రెట్లు మాత్రమే పెరుగుట సాధారణము. అయితే మామూలు చిత్రములో ఆ తీరు చిత్రమంతటికి ఒకటే గనుక సరిదిద్దుకొనవచ్చును. హెచ్.డి.ఆర్. చిత్రములో తావును బట్టి తీరు మారును గనుక సరిదిద్దుటకు ఆధారమే లేదు. దానిని నమ్మి లెక్క వేసిన విద్యార్థి నియమమే తప్పని రికార్డులో వ్రాసుకొనును!

ఇపుడు హెచ్.డి.ఆర్. ఆపి, ఫోనులో 'ప్రో' అను చేతి పద్ధతికి మారుడు. ఐ.ఎస్.ఓ., ఫోకసు, వైట్ బ్యాలెన్సు స్థిరపరచి, షట్టరు కాలము మాత్రము మార్చుచు 1/100, 1/50, 1/25 సెకనుల చొప్పున మూడు చిత్రములు తీయుడు. మన విద్యుత్తు 50 హెర్ట్జులది. దీపము సెకనుకు 100 మారులు మినుకుమినుకుమనును. పై కాలములు మూడును పూర్తి మినుకుల లెక్కకు సరిపోవును గనుక ఆ దోషము తగులదు. 1/100 సెకను చిత్రములో దగ్గరి కాగితము ఏ అంకె చూపునో, 1/25 సెకను చిత్రములో దూరపు కాగితము దాదాపు అదే అంకె చూపవలెను. కాలము నాలుగు రెట్లు, కాంతి నాలుగవ వంతు, హెచ్చింపగా సమానము. అంకెలు కాంతిని ఏ తీరున చూపినను ఇచ్చట బాధ లేదు. సమానమైన వానిని సమానముగా చూపుట చాలును. దగ్గరి కాగితము 255 చూపినచో ముంత పొర్లినదని గుర్తించి ఐ.ఎస్.ఓ. తగ్గింపుడు.

త్రాసులో బరువు తూచినట్లు షట్టరు కాలముతో వెలుగును తూచుట ఇది. డెబెవెక్, మాలిక్‌ల పద్ధతికి కూడ ఇదియే ప్రాణము. బ్రాకెటింగ్ యొక్క గొప్పతనము అందమైన నీడలలో లేదు. ప్రతి చిత్రమునకు ఎంత కాలమో తెలియుటలో ఉన్నది.

చేతి పద్ధతిలోని లోపములు

ఇంతమాత్రమున యంత్రమును తీసిపారవేయుట న్యాయము కాదు. బ్రాకెటింగునకు దృశ్యము నిలకడగా ఉండవలెను. ఐదు చిత్రములు తీయులోపల తాటాకు ఊగినచో, మనిషి నడచినచో, కలిపిన చిత్రములో దయ్యపు నీడలు తేలును. తిరునాళ్లలోని జనము, పరుగెత్తు పిల్లలు, అలల సముద్రము దీనికి లొంగవు. ట్రైపాడు (ముక్కాలి స్టాండు) కావలెను. పురావస్తు శాఖవారి సంరక్షణలోనున్న కట్టడములలో దానికి ముందుగా అనుమతి పొందవలెను. తీసిన పిమ్మట కంప్యూటరు వద్ద కూర్చొనవలెను.

వాడువారి దోషములును ఉన్నవి. ఎక్స్‌పోజరును ఎపర్చరుతో మార్చువారు కలరు. ఎపర్చరు మారినచో స్పష్టముగా కనబడు లోతు మారును గనుక చిత్రములు ఒకదానిపై ఒకటి అమరవు. కాలమునే మార్చవలెను. అవసరము లేకున్నను తొమ్మిదేసి చిత్రములు తీయుట మరియొక అలవాటు. దృశ్యము ఎనిమిది మెట్లలోపల ఇమిడినచో, వెలుగు పొర్లకుండ తీసిన ఒక్క 'రా' చిత్రమే చాలును. ఇక మేఘములను బొగ్గువలె నల్లబరచి, గోపురము చుట్టు తెల్లని కాంతివలయము మిగిల్చి, దానినే కళ యనువారు చేతితో చేసినంత మాత్రమున యంత్రముకంటె ఎక్కువ నిజాయితీ చూపినట్లు కాదు.

ఏది ఎచ్చట?

లేపాక్షి వీరభద్రాలయము ఉదాహరణగా తీసికొందము. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ గుడి మండపపు కప్పుపై విజయనగర కాలపు చిత్రములున్నవి. స్తంభముల నడుమ నుండి ఎండ కనబడుచుండును, కప్పు నీడలోనుండును. ఐ.ఎస్.ఓ. 100, ఎపర్చరు ఎఫ్/8 వద్ద ఎండలోని రాతికి 1/400 సెకను సరిపోవును. కప్పు నీడకు 2 సెకనులు కావలసినచో తేడా 800 రెట్లు, అనగా తొమ్మిది పది మెట్ల నడుమ. విహారయాత్రలో జ్ఞాపకార్థము తీయు ఫోటోకు ఫోను హెచ్.డి.ఆర్. సంపూర్ణముగా చాలును; నిజమునకు అదియే ఉత్తమము. కాని రంగులు పదేండ్లలో ఎంత వెలసినవో పోల్చుటకు తీయు రికార్డయినచో 1/400, 1/100, 1/25, 1/6, 2/3 సెకనుల ఐదు చిత్రములు తీసి, విడివిడిగా దాచవలెను. పదేండ్ల తరువాత వచ్చు ఫోను నేటి ఫోనువలె రంగులు దిద్దదు. అపుడు కనబడు తేడా గోడదో ఫోనుదో చెప్పగలవారెవరు?

సంపూర్ణ సూర్యగ్రహణము మరింత కఠినమైన పరీక్ష. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గ్రహణమును పరిశీలించెను. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు సమీపమునగల జపాల్-రంగాపూర్ వేధశాల వద్ద సంపూర్ణగ్రహణము గోచరించినది. అట్టి వేళ కనబడు సూర్యకిరీటము కాంతి బింబపు అంచు నుండి కొన్ని వ్యాసార్ధముల దూరము పోవునప్పటికి వేయి రెట్లు పడిపోవును. ఏ ఒక్క ఎక్స్‌పోజరును దానిని పట్టజాలదు. వేయవ వంతు సెకను నుండి సెకనుల వరకు వరుసగా తీసి కలిపిన చిత్రములే కిరీటపు సన్నని దారములను మనకు చూపినవి. ఫోనులోని పద్ధతి వీధులను, ముఖములను దృష్టిలో నుంచుకొని చేసినది. కిరీటమునకు కట్టిన లెక్క కాదు.

ఉపాధ్యాయులకు మా సూచనలు ఇవి. మనుషులు, కదలిక, తొందర ఉన్నచోట యంత్రమునకే పని అప్పగింపుడు. నిలకడైన దృశ్యము, భద్రపరచవలసిన రికార్డు, కొలత ఉన్నచోట మెట్లుగా తీయుడు. కెమేరాలో హెచ్.డి.ఆర్. వాడునపుడు మూల చిత్రములను దాచు అమరిక ఉన్నచో దానిని తప్పక తెరచి ఉంచుడు. కలిపినదానిని మరల విడదీయుట సాధ్యము కాదు. ప్రయోగశాల రికార్డులో ఫోటో అతికించినపుడు దాని క్రింద షట్టరు కాలము, ఎపర్చరు, ఐ.ఎస్.ఓ. వ్రాయించుడు. యంత్రము కలిపిన చిత్రమైనచో ఆ మాట కూడ వ్రాయించుడు. ఉష్ణమాపిని చదివిన విద్యార్థి డిగ్రీలు వ్రాయక అంకె మాత్రమే వ్రాసినచో మనము మార్కులు తగ్గించుదుము. ఫోటోకును అదే నియమము వర్తించును.